మత్తిగిరిలో ఎక్కని ఆడవాళ్ళు

రిటైరైనవాళ్ళు రాసే జ్ఞాపకాల్లో పై అధికారులంతా పెద్దమనసున్నవాళ్ళే. తోటి ఉద్యోగులంతా తోడబుట్టినవాళ్ళే. అట్లాంటివి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నేను పెళ్ళికాకముందు హోసూరులో ప్రభుత్వ బస్సుల డిపోలో గుమాస్తాగా చేరాను. మనవరాలు పుట్టాక ట్రాఫిక్ అధికారిగా దిగిపోయాను. మధ్యలో మంచివాళ్ళనూ చూశాను, కాదనను. ఇప్పుడు రాస్తున్నది మాత్రం వాళ్ళ గురించి కాదు. మీలో కొందరు రేపు ప్రణాళికలు వేసే కుర్చీల్లో కూర్చుంటారు. మీకోసం రాస్తున్నాను, కోపంగానే రాస్తున్నాను.

నా ఉద్యోగం చివరి రోజుల్లో రాష్ట్రమంతటికీ ఒక ప్రణాళిక మొదలైంది. బస్సులు, లారీలు, కార్లు, బైకులు వదిలే పొగ భూమిని వేడెక్కిస్తోంది కాబట్టి ఏ జిల్లాలో ఎంత తగ్గించగలమో తేల్చాలి. క్రిష్ణగిరి జిల్లాలో బస్సుల వంతు చూసే బృందంలో నన్ను వేశారు. నేను సంబరపడ్డాను. భూమి వేడెక్కడం ఉత్త మాట అనే మనిషిని కాను. ఎండాకాలంలో కూడా సాయంత్రమైతే హోసూరు పైన కొండల్లోని తళిలో శాలువా కప్పుకున్నదాన్ని, ఇప్పుడు అక్కడ ఫ్యాన్లు తిరగడం చూస్తున్నాను. డిపోలో ఏళ్ళ తరబడి డీజిల్ పొగ పీల్చినవాళ్ళకు ముక్కు చీదితే నలుపు రావడం మామూలు. అందుకే కరెంటు బస్సులు వస్తాయన్నప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఈ గొడవంతా ఒక్క బస్సు గురించి. తళి దాటి, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని, మిట్ట మీద ఒక పల్లె ఉంది. రాత్రి చివరి బస్సు ఆ పల్లెకు పోయి అక్కడే ఉండిపోయేది. మా డిపో భాషలో దాన్ని నైట్ హాల్ట్ అంటాం. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని తెల్లవారకముందే బండి తీస్తారు. వాళ్ళిద్దరికీ రాత్రి భోజనం పల్లెవాళ్ళే ఇంటింటి వంతున పెడతారు. ఏ సర్క్యులర్‌లోనూ లేని ఏర్పాటది, నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ సాగుతోంది. తెల్లవారి ఆ బస్సు నిండా ఆడవాళ్ళే. చామంతులు, కొత్తిమీర, పుదీన మూటలు కట్టి, పైన తడిగుడ్డ కప్పి హోసూరు మార్కెట్టుకు తెస్తారు. వేలం మొదలయ్యేలోపు చేరితేనే ఆ సరుకుకు ధర. ఆలస్యమైతే ఆవులకు వేసుకోవాలి. ఆ బస్సు లేకపోతే ఆ పల్లె ఆడవాళ్ళకు సేద్యం చేసీ లాభం లేదు.

వాళ్ళలో చామంతి తోట పెట్టిన ఒకామె నాకు బాగా తెలుసు. ఆమె భర్త మంచివాడే, నేల దున్నడంలో ఆయనను మించినవాడు లేడు, మార్కెట్లో మాత్రం నోరు పెగలదు. బేరమంతా ఆమెదే. నన్ను అక్కా అని పిలిచేది. ఏదన్నా నిలదీసి అడిగేటప్పుడు మాత్రం ఆ అక్కా అనే పిలుపులో మర్యాద చుక్క కూడా మిగిలేది కాదు. బస్సు ఆలస్యమైన రోజు నేరుగా డిపో ఆఫీసులోకి వచ్చి నా బల్ల మీద వాడిన చామంతుల మూట పెట్టి కూర్చున్న మనిషి.

ప్రణాళిక పని కోసం బెంగళూరు నుంచి ఒక సలహాదారుడు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. ఆంధ్రా వైపు నుంచి వచ్చినవాడు కావడంతో నాతో తెలుగులోనే మాట్లాడేవాడు. మా టికెట్ మిషన్లలోని వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎక్కడ ఎంతమంది ఎక్కుతున్నారో మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టాడు. జనం ఎక్కువైతే పెద్ద చుక్క, తక్కువైతే చిన్న చుక్క. ఒకరోజు ఆ మ్యాపు నాకు చూపించాడు.

“ఎంత క్లియర్‌గా ఉందో చూడండి మేడమ్. ఈ మొదటి ట్రిప్పు పైనుంచి దాదాపు ఖాళీగా వస్తోంది. మత్తిగిరిలో ఒక్కసారిగా నిండిపోతోంది, అందరూ మహిళలే. మత్తిగిరి నుంచి హోసూరుకు ఒక ఎలక్ట్రిక్ బస్సు వేస్తే సరిపోతుంది. పైన నైట్ హాల్ట్ తీసేయొచ్చు. ఆ కొండదారిలో కాలే డీజిలంతా మనకు పొదుపు.”

నాకు నవ్వొచ్చింది. మత్తిగిరి మా ఊరే, తళి దారిలో హోసూరుకు ఆనుకునే ఉంటుంది. పశువుల ఫారం అవతల మా ఇల్లు. మా వీధుల్లో ఉండేది ఫ్యాక్టరీలకూ ఆఫీసులకూ పోయేవాళ్ళు. ఆ వేళప్పుడు లేచి తిరిగేది పాలవాళ్ళూ కుక్కలూ తప్ప ఎవరూ లేరు. మరి బస్సు నిండా ఆడవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎక్కడి నుంచి వచ్చారో నాకు అర్థమైంది.

ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా సున్నా టికెట్టు ఒకటి కొట్టి చేతికివ్వాలి. ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగుతారో అందులో ఉండాలి. ఆ కొండదారిలో, ఆ చీకట్లో, మూటల మధ్య మిషన్ పట్టుకుని నిలబడటం కండక్టరు వల్ల కాదు. పైగా మూటలు పైకి అందుకునేదీ అతనే. మత్తిగిరిలో డ్రైవరు టీ కోసం బండి ఆపుతాడు. అప్పుడు కండక్టరు తలలు లెక్కపెట్టుకుని అందరి టికెట్లూ వరసగా కొట్టి, చింపకుండా అట్లాగే పొడవుగా ముందు సీటులో ఉన్నామె చేతికి ఇస్తాడు. అప్పటికి మిషన్‌లో ఉన్న స్టేజీ, అంటే ఎక్కిన చోటు, మత్తిగిరి. కాబట్టి మిట్ట మీద పల్లెలో ఎక్కిన ఆడవాళ్ళంతా మిషన్‌కు మత్తిగిరిలో ఎక్కినవాళ్ళు. ఈ పద్ధతి డిపోలో అందరికీ తెలుసు. డబ్బు రాని టికెట్టుకు స్టేజీ ఏదైతే ఏమిటని ఎవరూ పట్టించుకోలేదు. మగవాళ్ళ టికెట్లు మాత్రం, డబ్బు లెక్క కాబట్టి, ఎక్కిన చోటే కొట్టేవారు. కెలమంగలం దారిలో పట్టుగూళ్ళు తెచ్చే మగవాళ్ళు ఎక్కువ, అందువల్ల ఆ బస్సులు మ్యాపులో నిండుగా కనబడి బతికిపోయాయి.

ఇదంతా సలహాదారుడికి విడమరిచి చెప్పాను.

“ఒక దినం నాతో రాప్పా. రాత్రికి ఆ పల్లెలోనే పండుకొని, పొద్దున ఆ బస్సులోనే దిగి వద్దాం. నీ కండ్లతో నువ్వే చూడు” అన్నాను.

“ఫీల్డ్ వర్క్ అయిపోయింది మేడమ్. డేటా ఫ్రీజ్ చేసేశాం. ఇప్పుడు మార్చడం కుదరదు.”

“సరే, బస్సు తీసేస్తారు. వాళ్ళు పూలు కోసేది మానేసి ఇండ్లల్లో కూర్చుంటారా? ఏదో ఒక పాత డీజిల్ వ్యాను మాట్లాడుకుంటారు. ఆ పొగ యాడికి పోతుంది?”

“అది మన లెక్కలోకి రాదు మేడమ్. సరుకు రవాణా వేరే శాఖ చూస్తుంది.”

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో కుట్ర ఏమీ లేదు. నిజంగానే అట్లా నమ్ముతున్నాడు. అదే నాకు మరీ మంటెత్తించింది. పొగకు కూడా శాఖలుంటాయా, ఆకాశంలో ఎవరి వాటా ఎంతవరకని గోడలు కట్టారా అని అడగబోయాను. అడిగితే అదీ రాసుకుంటాడని ఊరుకున్నాను.

మా డిపో మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించి లెక్క చెప్పాడు. ఈ టికెట్ల సంగతి బయటికి వస్తే కండక్టరుకు చార్జి మెమో, ఆయనకు ఇంకో మెమో. బయటికి రాకపోతే పోయేది ఒక్క బస్సు. ఆ బస్సులో ఎవరూ డబ్బులిచ్చి ఎక్కడం లేదు. “ఇందులో ఆలోచించడానికి ఏముందమ్మా?” అన్నాడు. ఆలోచించాల్సింది చాలా ఉందని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆ బస్సు కండక్టరును హోసూరు బస్టాండులో పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి ఆ నైట్ హాల్ట్ డ్యూటీనే అడిగి వేయించుకున్న మనిషి. ఆ పల్లెలో ఎవరింట్లో ఏ రోజు ఏ కూర చేస్తారో కూడా చెప్పగలడు. ఆ ఏడు చెకింగ్ ఇన్స్పెక్టరుగా పదోన్నతి వస్తుందని ఎదురుచూస్తున్నాడు. బెంచీ మీద కూర్చోబెట్టి విషయం చెప్పాను.

“అయ్యో దేవుడా. ఆ సున్నా టికెట్లను చూసేవాళ్ళు కూడా ఉంటారని నాకేం తెలుసమ్మా? నేనేమన్నా కావాలని చేసినానా?”

“నువ్వు కావాలని చేయలేదు. కానీ ఇప్పుడు నేను పైవాళ్ళకు చెప్పకపోతే బస్సు పోతుంది. చెప్తే నీ మీదికి వస్తుంది. నువ్వు వద్దంటే చెప్పను.”

టికెట్ మిషన్ పట్టీని ఊరికే ముడేస్తూ విప్పుతూ కూర్చున్నాడు.

“ఆ ఇండ్లల్లో అన్నం తిన్నానమ్మా” అన్నాడు చివరికి. “చెప్పండి. నా మెమో నేను చూసుకుంటా. ఆ బస్సు మాత్రం ఆగకూడదు.”

క్రిష్ణగిరిలో హైవే పక్కన ఒక పెద్ద హోటల్లో జిల్లా సమావేశం పెట్టారు. చెన్నై నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. చామంతి తోట ఆమెను నాతో తీసుకుపోయాను. ఆ బస్సు మనుషుల్లో ఒక్కరినైనా వాళ్ళు కళ్ళారా చూడాలని నా ఆశ. ఆహ్వానం లేదని వాకిట్లోనే ఆమెను ఆపేశారు. లోపలికి పోయి అడిగాను, బతిమాలాను. వచ్చే సమావేశంలో ప్రజల అభిప్రాయం తీసుకుంటామన్నారు. ఆమె బయట మెట్ల మీద కూర్చుంది, నేను లోపలికి పోయాను.

తెర మీద మా జిల్లా పచ్చగా మెరిసింది. సలహాదారుడు చక్కగా మాట్లాడాడు. మత్తిగిరికి కరెంటు బస్సు, పైన కొండదారిలో అవసరం లేని ట్రిప్పుల రద్దు, దాంతో తగ్గే పొగ. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. ఆ ట్రిప్పు అవసరం లేనిది కాదని, మత్తిగిరిలో ఎక్కినట్టున్న ఆడవాళ్ళు ఒక్కరు కూడా మత్తిగిరివాళ్ళు కాదని, టికెట్లు అక్కడ ఎందుకు కొడుతున్నారో మొదటి నుంచి చివరి వరకు తమిళంలో చెప్పాను. కండక్టరు పేరు చెప్పలేదు. ఆ బస్సును రద్దు చేయకండి, అదే దారిలో కరెంటు బస్సు నడపండి, అప్పుడు నిజంగా పొగ తగ్గుతుంది అన్నాను.

నా మాట వాళ్ళ తలకెక్కిందనుకున్నాను. పెద్ద అధికారి కళ్ళజోడు తీసి మా డిపో మేనేజరు వైపు తిరిగాడు. మీ సిబ్బంది తప్పుడు స్టేజీతో టికెట్లు కొడుతున్నారా, ఎంతకాలంగా కొడుతున్నారు, చెకింగ్ వాళ్ళు ఏం చేస్తున్నారు అని గద్దించాడు. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వెంటనే విచారణ జరుపుతానన్నాడు. అంతే, మిగతా సమావేశమంతా టికెట్ల క్రమశిక్షణ మీదే నడిచింది. ఆ పల్లె పేరు మళ్ళీ ఎవరి నోటా రాలేదు. నేను మళ్ళీ లేవబోతే సమయం లేదన్నారు. అటు తర్వాత భోజనాలకు పిలిచారు. నాలుగు రకాల స్వీట్లు పెట్టారని గుర్తు. నేను తినలేదు.

బయటికి వస్తే మెట్ల ముందు వరసగా అధికారుల కార్లు. సార్లు వచ్చి కూర్చునేటప్పటికి లోపల చల్లగా ఉండాలని డ్రైవర్లు ఏసీలు వేసి ఇంజన్లు ఆన్‌లోనే ఉంచారు. పొద్దుటి నుంచీ ఆ పొగలో కూర్చున్న చామంతి తోట ఆమెకు కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను చూడగానే లేచింది.

“ఏమైందక్కా? బస్సు ఉంటుందా, పోతుందా?”

“పోతుంది.”

“మేము ఉండామని చెప్పినావా లేదా?”

“చెప్పినాను. మీరు ఆ కాగితాల్లో లేరంట.”

“లేమా?” గొంతు లేచింది. డ్రైవర్లు తిరిగి చూశారు. “మరి ఇన్నేండ్లు ఆ బస్సులో ఎక్కింది దయ్యాలా? ఆ మూటలు మోసింది దయ్యాలా? లోపలికి విడిచి ఉంటే నేనే చెప్పేదాన్ని గదక్కా, ఇదో నేను, ఇదో నా చేతులు అని! నన్ను ఈడ కూర్చోబెట్టి, ఆడ నేను లేనని రాసుకొంటారా?”

ఇద్దరం హోసూరు బస్సెక్కి వచ్చేశాం.

నైట్ హాల్ట్ రద్దయింది. బస్సు తళి వరకే, అదీ బాగా పొద్దెక్కాక. కండక్టరుకు చార్జి మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆపారు, పదోన్నతి పోయింది, ధర్మపురి అవతల ఒక డిపోకు పంపేశారు. పోయే ముందు ఫోన్ చేశాడు.

“మీరేం బాధపడొద్దమ్మా, చెప్పమన్నది నేనే గదా. కానీ ఒకటి నాకు అర్థం కాలేదు. నేను కొట్టిన స్టేజీ తప్పని శిక్ష వేసినారు. సరే, తప్పే. ఆ స్టేజీ తప్పని ఒప్పుకొన్నోళ్ళు, దాన్ని చూసి బస్సు ఎట్ల తీసేసినారమ్మా?”

ఈ ప్రశ్న నేను రాతపూర్వకంగా పైకి పంపాను. కండక్టరును శిక్షించేటప్పుడు ఆ టికెట్లు అబద్ధం, బస్సును తీసేసేటప్పుడు ఆ టికెట్లే నిజం, రెండు ఆర్డర్ల కింద సంతకం ఒకటే, ఇదేం న్యాయమని రాశాను. జవాబు రాలేదు. గుర్తుచేస్తూ మళ్ళీ రాశాను. నా రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి ఆరోగ్యం చూసుకోమని మేనేజరు సలహా ఇచ్చాడు. నన్ను సాగనంపిన రోజు శాలువా కప్పి, మా జిల్లా పొగ తగ్గించడంలో ముందుందని, అందులో నా కృషి ఉందని వేదిక మీద పొగిడారు. ఆ శాలువా అక్కడే కుర్చీ మీద వదిలేసి వచ్చాను. ఇంట్లోవాళ్ళు మరిచిపోయాననుకున్నారు.

ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుంటే కరెంటు బస్సు రోజూ కనబడుతుంది. ముచ్చటగా ఉంటుంది. చప్పుడు లేదు, పొగ లేదు, తెల్లవారుజామున లోపల మనుషులూ లేరు. డ్రైవరు, కండక్టరు, ఖాళీ సీట్లు హోసూరుకు పోయి వస్తుంటాయి. బస్సు మీద నాకు కోపం లేదు. పాపం, దాన్ని తీసుకొచ్చి తప్పు చోట నిలబెట్టారు.

కొన్నాళ్ళకు ఆ సలహాదారుడు మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చాను. చిన్న సాయం కావాలన్నాడు.

“పొద్దుటి ఎలక్ట్రిక్ బస్సు ఖాళీగా తిరుగుతోంది మేడమ్. మత్తిగిరి మహిళలు బస్సు వాడటం మానేసినట్టున్నారు. కారణం తెలియడం లేదు. అవగాహన కోసం ఒక బైక్ ర్యాలీ పెడదామనుకుంటున్నాం. మీరు స్థానికులు కదా, వచ్చి రెండు మాటలు చెప్పాలి.”

పొగ తగ్గించడానికి బైకుల ర్యాలీ. కాఫీ గ్లాసు కింద పెట్టాను. మర్నాడు తెల్లవారేసరికి మా ఊళ్ళో బస్సులాగే టీకొట్టు దగ్గరికి రమ్మన్నాను. వచ్చాడు, ఆ మాత్రం మెచ్చుకోవాలి, అద్దె కారులో.

కరెంటు బస్సు వచ్చింది, ఎవరూ ఎక్కలేదు, పోయింది. అతను ట్యాబ్‌లో ఏదో రాసుకున్నాడు. మరికాసేపటికి తళి రోడ్డు మీద ముందు శబ్దం, తర్వాత నల్లటి పొగ, ఆ తర్వాత వ్యాను కనబడ్డాయి. పాత సరుకుల వ్యాను, ఎన్ని చేతులు మారిందో తెలియదు. వెనక మూటల మీద మూటలు, వాటి మధ్య ఇనుప కమ్మీలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. ఒకామె చంకలో పసిబిడ్డ. డ్రైవరు టీకి ఆపాడు. ఇంజను ఆపితే మళ్ళీ పట్టుకోదట, ఆపలేదు. సలహాదారుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అంచున నిలబడింది చామంతి తోట ఆమే. కొంగు తలకు చుట్టుకుంది, కనుబొమల మీద దుమ్ము. నన్ను చూసి, అతన్ని చూసి, ఇతనేనా అని కళ్ళతో అడిగింది. తల ఊపాను.

“ఇంతమంది ఎక్కడి నుంచి వస్తున్నారమ్మా?” అతను దగ్గరికి పోయి నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగాడు. “మీరు ఎక్కడ ఎక్కారు?”

ఆమె అతన్ని కింది నుంచి పైకి చూసింది.

“మత్తిగిరిలో నాయనా. మేము ఎప్పుడూ మత్తిగిరిలోనే గదా ఎక్కేది. మీ కాగితాల్లో అట్లే ఉందంట.”

వ్యానులో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. అతను సరేనని తల ఊపి, ట్యాబ్ తెరిచి, ఎక్కిన చోటు రాసే గడిలో మత్తిగిరి అని కొట్టడం మొదలుపెట్టాడు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరి మీదా చేయి వేసిన మనిషిని కాను. ఆ ట్యాబ్‌ను అతని చేతిలో నుంచి లాగేసుకున్నాను.

“ఎక్కు” అన్నాను, వ్యాను చూపించి. “కాలు పెట్టేకి చోటుంటే ఎక్కప్పా.”